వీల్‌చైర్‌లో ఉన్నవారి గుండెకు ఎంత పని చెప్పాలి?

అందరికీ నమస్కారం. ముందు వరసలో వీల్‌చైర్లలో ఉన్నవారు, వాళ్ల పక్కన కూర్చున్న ఇంటివాళ్లు, వెనక ఫిజియోథెరపీ చదువుతున్న పిల్లలు ఉన్నారు. ముగ్గురికీ అక్కరకొచ్చేలా చెప్పాలని నా ప్రయత్నం. మొదలుపెట్టే ముందు ఒక మనవి. పావుగంటకో, అరగంటకో ఒకసారి ముందుకు బాగా వంగి, లేదా ఓ పక్కకి ఒరిగి, రెండు నిమిషాల పాటు పిరుదుల మీద బరువు తీయండి. నేను మాట్లాడుతున్నానని మొహమాటపడొద్దు. ఒక్క క్షణం లేచి కూర్చుంటే చాలదు. నొక్కుకుపోయిన చర్మంలోకి రక్తం మళ్లీ సరిగా రావడానికి రెండు నిమిషాల దాకా పడుతుంది.

వెన్నుపాము దెబ్బతిన్నవారి ఇంట్లో మొదటి ఏడాదంతా ధ్యాస కాళ్ల మీదే ఉంటుంది. వేలు కదిలిందా, స్పర్శ తెలిసిందా అని. ఆ తర్వాత ఒంటేలు, దొడ్డికి, పుండ్లు. గుండె సంగతి ఎవరూ అడగరు. తాటిచెట్టు మీంచి జారిపడ్డ గీత కార్మికుడు, బైకు మీంచి పడ్డ కుర్రవాడు, అందరూ చిన్న వయసువాళ్లే కదా, గుండెకేం భయం అనుకుంటాం. కానీ దెబ్బ తగిలి ఏళ్లు గడిచేకొద్దీ ప్రాణం మీదికి తెచ్చేవాటిలో గుండెజబ్బు ముందు వరసలోకి వస్తుంది. అదీ మామూలువాళ్లకి వచ్చే వయసు కంటే ముందే.

ఎందుకొస్తుంది? మనం తిన్న అన్నం షుగరుగా మారి రక్తంలోకి వచ్చాక, దాన్ని ఎక్కువగా తినేసేవి తొడల్లోని, పిరుదుల్లోని పెద్ద కండరాలు. అవి పని మానేసిన కొన్ని వారాల్లోనే సన్నబడతాయి. వాటి చోట కొవ్వు చేరుతుంది. షుగర్ రక్తంలోనే మిగిలిపోతుంది, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, పొట్ట పెరుగుతుంది. పైగా కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే ప్రాణవాయువు కూడా తగ్గుతుంది. మామూలు మనిషికి కిలో బరువుకి నిమిషానికి 3.5 మిల్లీలీటర్లు అని లెక్కవేస్తాం. వెన్నుపాము దెబ్బతిన్నవారికి అది 2.7 దగ్గర ఉంటుంది. అంటే దాదాపు పావు వంతు తక్కువ. అయినా కంచంలో అన్నం మాత్రం దెబ్బ తగలకముందు ఎంతో ఇప్పుడూ అంతే! ప్రేమతో ఇంకో గరిటె ఎక్కువే పడుతుంది.

బరువు కూడా మోసం చేస్తుంది. కండ కరిగి కొవ్వు చేరినా కాటా మీద అంకె మారకపోవచ్చు. అందుకే ఊబకాయానికి గీత వీళ్లకి వేరేగా గీశారు. మామూలువాళ్లకి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూసే అంకె, 30 అంటారు కదా, వీళ్లకి 22. 170 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 64 కిలోలకు చేరితే ఆ గీత దాటినట్టే. చూడ్డానికి సన్నగానే కనిపిస్తాడు. చూపును నమ్మొద్దు.

ఇప్పుడు అసలు విషయం. గుండెకు రెండు రకాల తీగలు వెళ్తాయి. ఒకటి బ్రేకు. అది వేగస్ నరం, మెదడు కింది భాగం నుంచి నేరుగా గుండెకు వస్తుంది, వెన్నుపాముతో దానికి పని లేదు. రెండోది యాక్సిలరేటర్. అది వెన్నుపాములో దిగివచ్చి, ఛాతీ పైభాగంలో టీ1 నుంచి టీ4, టీ5 దాకా ఉన్న చోట్ల బయటికి వస్తుంది. (వెన్నుపాములో మెడ భాగాన్ని సీ అని, ఛాతీ భాగాన్ని టీ అని, పై నుంచి కిందికి అంకెలు వేసి పిలుస్తారు.) మెడ దగ్గర వెన్నుపాము పూర్తిగా దెబ్బతింటే బ్రేకు మిగులుతుంది, యాక్సిలరేటర్ తెగిపోతుంది. అలాంటి మనిషి ఎంత కష్టపడ్డా గుండె వేగం పెరిగేది బ్రేకు మీంచి కాలు తీసినంత మేరకే. అందుకే పల్స్ సాధారణంగా 110 నుంచి 130 మధ్య ఆగిపోతుంది.

ఇది తెలియక జరిగే పొరపాటు చూడండి. జిమ్ గోడమీద ఒక సూత్రం ఉంటుంది, 220లోంచి వయసు తీసేయమని. పాతికేళ్ల కుర్రవాడికి 195 వస్తుంది. అందులో డెబ్భై శాతం 136. మెడ దెబ్బ ఉన్న కుర్రవాడి చేతికి వాచీ కట్టి "136 రావాలి, ఇంకా గట్టిగా తిప్పు" అంటే, అతని గుండెకు ఆ అంకె ఉండనే ఉండదు. అతను అప్పటికే తన శక్తి చివరిదాకా వెళ్లిపోయి ఉంటాడు. పిల్లలూ, ఇది మీరు రాసుకోండి: టీ6 పైన దెబ్బ ఉంటే పల్స్ లెక్కతో వ్యాయామం మోతాదు రాయకూడదు.

టీ6 కింద దెబ్బ ఉన్నవారికి గుండె వేగం మామూలుగానే పెరుగుతుంది. కాకపోతే కాళ్ల కండరాలు పిండి పంపే రక్తం పైకి రాదు కాబట్టి ఒక్కో కొట్టుకు గుండె తోసే రక్తం తక్కువ. దాన్ని భర్తీ చేయడానికి ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. కాబట్టి వీళ్లకు పల్స్ కాస్త ఎక్కువ కనిపించినంత మాత్రాన గాభరా పడక్కర్లేదు.

మరి దేన్ని చూసి మోతాదు తెలుసుకోవాలి? ఊపిరిని చూసి, మాటను చూసి. సున్నా నుంచి పది దాకా కష్టానికి మార్కులు వేయించండి. సున్నా అంటే ఊరికే కూర్చోవడం, పది అంటే ఇక నావల్ల కాదు అనడం. ఐదు, ఆరు మార్కులంటే మధ్యరకం శ్రమ. మాట్లాడగలరు, పాట పాడలేరు. ఏడు, ఎనిమిదంటే గట్టి శ్రమ. రెండు మూడు మాటలు చెప్పి ఊపిరి తీసుకోవాలి. ఇంట్లో పక్కన ఉన్నవాళ్లు మధ్యమధ్యలో ఏదో ఒకటి అడుగుతూ ఉంటే చాలు, జవాబు వచ్చే తీరే మీటరు.

ఎంతసేపు, ఎన్నిసార్లు అన్నదానికి 2018లో అంతర్జాతీయంగా నిపుణులు కలిసి ఒక మోతాదు చెప్పారు. దెబ్బ తగిలి ఏడాది దాటినవారికి, 18 నుంచి 64 ఏళ్ల మధ్యవారికి అది. దమ్ము, కండబలం పెరగాలంటే వారానికి రెండుసార్లు, ప్రతిసారీ కనీసం 20 నిమిషాలు మధ్యరకం నుంచి గట్టి శ్రమ. దానితోపాటు పనిచేస్తున్న ప్రతి పెద్ద కండరానికీ మూడేసి విడతల బలం వ్యాయామం, అదీ వారానికి రెండుసార్లు. గుండెజబ్బు, షుగర్ ముప్పు తగ్గాలంటే మాత్రం వారానికి మూడుసార్లు, కనీసం 30 నిమిషాలు. లెక్కేస్తే వారానికి గంటన్నర. ఇది గమ్యం. మొదటిరోజే మొదలుపెట్టాల్సిన చోటు కాదు. మొదటి వారం రెండు నిమిషాలు తిప్పడం, ఒక నిమిషం ఆగడం, ఇలా ఐదుసార్లు. వారం వారం రెండు నిమిషాలు పెంచుకుంటూ పోండి.

దేనితో చేయాలి? చేతులతో తిప్పే సైకిల్ ఉంటే మంచిది. బజారులో దొరికే చిన్న పెడల్ యంత్రాన్నే బల్ల మీద పెట్టి, జారకుండా కట్టి వాడుకోవచ్చు. తిరిగే ఇరుసు భుజం ఎత్తుకు మించకూడదు. చెయ్యి పూర్తిగా చాచినప్పుడు కూడా మోచేతిలో కొద్దిగా వంపు మిగలాలి. మోచెయ్యి తాళం పడేంత దూరం కూర్చుంటే భుజం కీలు అరుగుతుంది. నిమిషానికి 50 నుంచి 70 చుట్లు. పొట్ట కండరాలు పనిచేయనివారు ఛాతీ కింద ఒక వెడల్పాటి పట్టీతో కుర్చీ వీపుకు కట్టుకోవాలి. లేకపోతే ఒళ్లు ముందుకు పడకుండా ఆపుకోవడానికే సగం బలం పోతుంది. వేళ్లు మూసుకోని వారికి చేతిని పిడికి క్రేప్ బ్యాండేజీతో చుట్టి కట్టాలి. కట్టేటప్పుడు ఒక జాగ్రత్త: మణికట్టు వెనక్కి ఎత్తితే వేళ్లు వాటంతటవే ముడుచుకునే సీ6 స్థాయి వారికి, మణికట్టును ఎత్తిపట్టి వేళ్లను బలవంతంగా చాచొద్దు. ఆ బిగుతే వాళ్లకి గ్లాసు పట్టుకునే పట్టు. సాగదీస్తే ఆ పట్టు శాశ్వతంగా పోతుంది. గట్టిగా కట్టిన బ్యాండేజీ కింద చర్మం ఎర్రబడిందేమో పది నిమిషాలకోసారి విప్పి చూడాలి, వాళ్లకి నొప్పి తెలియదు కదా.

వీల్‌చైర్ తోసుకోవడం కూడా మంచి వ్యాయామమే. పొద్దున్నే బడి మైదానమో, చదునైన సిమెంటు రోడ్డో చూసుకోండి. ముందు టైర్లలో గాలి చూడండి. గాలి తగ్గిన టైరుతో అదే దూరానికి భుజం మీద పడే భారం చాలా ఎక్కువ. చక్రాన్ని గడియారం ముఖంలా ఊహించుకుంటే, పదకొండు దగ్గర పట్టుకుని రెండు దాకా ఒక్క పొడుగాటి తోపుతో తోయాలి. ఆ తర్వాత చేతిని రిమ్ము కిందికి వదిలేసి, కింద నుంచి వెనక్కి తేవాలి. పొట్టి పొట్టి తోపులు గబగబా తోసేవారి భుజాలు త్వరగా పాడవుతాయి.

బలం వ్యాయామానికి రబ్బరు బ్యాండ్లు, ఒక కిటికీ చాలు. మన ఇళ్లలో కిటికీలకు ఇనప ఊచలుంటాయి కదా, వాటికి మించిన జిమ్ లేదు. ఊచ గట్టిగా ఉందో లేదో ముందు ఇంట్లో బలమైనవాళ్లతో లాగించి చూడండి. తుప్పు రబ్బరును కోసేస్తుంది కాబట్టి ఊచకు పాత తువ్వాలు చుట్టి, దాని మీద బ్యాండ్ కట్టండి. పై ఊచకు కట్టి కిందికి లాగడం, మధ్య ఊచకు కట్టి రెండు చేతులా వెనక్కి లాగడం, కిటికీకి వీపు పెట్టి ముందుకు నెట్టడం, మోచెయ్యి వంచడం, చాచడం, చివరగా మోచేతిని డొక్కకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పడం. ఒక్కోటి పదిసార్లు. రెండు రకాలు చేయగానే ఆగకుండా రెండు నిమిషాలు పెడల్ తిప్పాలి. పెడల్ లేకపోతే గాల్లో గుద్దులు గుద్దాలి. తర్వాత ఇంకో రెండు. ఆరూ అయ్యాక మళ్లీ మొదటికి. ఇలా మూడు చుట్లు తిరిగితే ముప్పావుగంట అవుతుంది. అమెరికాలో మయామీలో 2001 ప్రాంతంలో నడుము కింద చచ్చుబడిన పురుషుల మీద ఈ తరహా శిక్షణను వారానికి మూడుసార్లు చేయించి చూశారు. 12 వారాల్లో వాళ్ల దమ్ము దాదాపు 30 శాతం పెరిగింది. బలమూ దమ్మూ ఒకే గంటలో వస్తాయి కాబట్టి, ఇంటి దగ్గర చేసుకునేవారికి నేను ముందుగా చెప్పేది ఇదే.

ఇందులో వెనక్కి లాగేవాటికి, ముంజేతిని బయటికి తిప్పేదానికి ఎప్పుడూ ఒక విడత ఎక్కువ వేయండి. రోజంతా కుర్చీ తోయడం, మంచం మీదికి ఎక్కడం అన్నీ ముందుకు నెట్టే పనులే. ముందు కండరాలు బలిసి వెనకవి బలహీనపడితే భుజం ఎముక ముందుకు జారి, పైనున్న స్నాయువు నలుగుతుంది. వీల్‌చైర్ మనిషికి భుజం పోతే కాళ్లు రెండోసారి పోయినట్టే. పదునైన నొప్పి వస్తే ఆ కదలిక ఆపేయండి. ఓర్చుకుని చేయడం ఇక్కడ గొప్ప కాదు.

కరెంటుతో కాళ్ల కండరాలను కదిలించి సైకిల్ తొక్కించే యంత్రాలు కొన్ని పెద్ద కేంద్రాల్లో ఉన్నాయి. పెద్ద కండరాలే పనిచేస్తాయి కాబట్టి మేలే. కానీ అందరికీ పనికిరావు. కాళ్లు అప్పుడప్పుడు బిగుసుకుని ఎగిరేవారికి నరం దారి బతికి ఉన్నట్టు, వాళ్లకి పనిచేస్తుంది. నడుము కింది భాగంలో దెబ్బ తగిలి కాళ్లు పూర్తిగా మెత్తబడిపోయినవారికి మామూలుగా పనిచేయదు. చాలా ఏళ్లుగా నిలబడని కాళ్లలో ఎముకలు, ముఖ్యంగా మోకాలి చుట్టుపక్కల, గుల్లబారి ఉంటాయి. పరీక్ష చేయించకుండా ఈ యంత్రం ఎక్కితే ఎముక విరగొచ్చు, విరిగిందని తెలియకనూ పోవచ్చు. ఒక మోకాలు వాచి వేడిగా ఉంటే బెణుకు అనుకోకుండా ఎక్స్‌రే తీయించండి.

ఇప్పుడు చెప్పబోయేది ఇంటివాళ్లంతా చెవులు రిక్కించి వినండి. టీ6, ఆ పైన దెబ్బ ఉన్నవారికి దెబ్బ కింద ఏ ఇబ్బంది కలిగినా బీపీ ఒక్కసారిగా ఎగబాకొచ్చు. దీన్ని ఆటోనమిక్ డిస్‌రెఫ్లెక్సియా అంటారు. పేరు కష్టమైనా నేర్చుకోండి, చీటీ మీద రాసి కుర్చీ సంచిలో పెట్టుకోండి, ఎందుకంటే ఆస్పత్రిలో మీరే చెప్పాల్సి రావచ్చు. మెడ దెబ్బ ఉన్నవారి మామూలు పైబీపీ 90 నుంచి 110 మధ్య ఉంటుంది. అలాంటి మనిషికి 140 వస్తే, చూసినవాళ్లు "పర్లేదు, కాస్త ఎక్కువ" అంటారు. అది పర్లేదు కాదు. తన మామూలు అంకె మీద 20 నుంచి 40 పెరిగితేనే ప్రమాద సూచన. అందుకే మామూలు రోజుల్లో బీపీ ఎంతో రాసి ఉంచుకోవాలి.

వ్యాయామం మధ్యలో ఎలా కనిపిస్తుందంటే, తల పగిలిపోయే నొప్పి, మొహం ఎర్రబడటం, దెబ్బ పైభాగంలో చెమట, ముక్కు బిగుసుకుపోవడం, కింద రోమాలు నిక్కబొడుచుకోవడం. తలనొప్పి అనగానే మనవాళ్లు చేసే మొదటి పని మంచం మీద పడుకోబెట్టడం. అదే చేయకూడనిది. పడుకోబెడితే కాళ్లలోని రక్తం తలవైపు వచ్చి బీపీ ఇంకా పెరుగుతుంది. నిటారుగా కూర్చోబెట్టండి, పాదాలను ఫుట్‌రెస్ట్ మీంచి దించి కిందికి వేలాడదీయండి. ఛాతీ పట్టీ, పొట్ట బెల్టు, బూట్లు, కాలికి కట్టిన యూరిన్ బ్యాగు పట్టీ, బిగుతుగా ఉన్నవన్నీ విప్పండి. తర్వాత మూత్రం గొట్టం. బ్యాగు దగ్గర మొదలుపెట్టి వేలితో తడుముతూ పైదాకా వెళ్లండి. చాలాసార్లు తొడకింద నలిగో, పట్టీ కింద మెలిపడో ఉంటుంది. సరిచేయగానే మూత్రం జర్రున దిగుతుంది, కొద్ది నిమిషాల్లో తలనొప్పి తగ్గుతుంది. గంటల లెక్కన గొట్టం వేసుకునేవారైతే అప్పుడే వేసి ఖాళీ చేయాలి. అది కాకపోతే మలం గడ్డకట్టిందేమో, పుండుందేమో, కాలిగోరు చర్మంలోకి గుచ్చుకుందేమో చూడాలి. రెండు నుంచి ఐదు నిమిషాలకోసారి బీపీ చూస్తూ ఉండండి. ఇవన్నీ చూశాక కూడా పైబీపీ 150 దాటే ఉంటే డాక్టరు ముందే రాసిచ్చిన మందు వేసి ఆస్పత్రికి బయల్దేరండి. అంగస్తంభన కోసం సిల్డెనఫిల్ లాంటి మాత్ర వాడి ఉంటే సిగ్గుపడకుండా చెప్పాలి. దాని మీద బీపీ దించడానికి వేసే నైట్రేట్ మందు పడితే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. తగ్గాక కూడా రెండు గంటలు కనిపెట్టుకుని ఉండాలి.

ఈ బీపీ పెరిగితే దమ్ము పెరిగినట్టు ఉంటుందని కొందరు క్రీడాకారులు కావాలని మూత్రాన్ని బిగబట్టుకుని పోటీలకు వెళ్లేవారు. పారాలింపిక్ కమిటీ 1994లోనే దాన్ని నిషేధించింది. మెదడులో రక్తనాళం చిట్లే పని అది. మీలో ఆటలాడే కుర్రాళ్లకి ఎవరైనా ఈ చిట్కా చెబితే వాళ్లను దగ్గరికి రానివ్వొద్దు.

దీనికి ఎదురు ఇబ్బంది బీపీ పడిపోవడం. వ్యాయామం ఆపగానే కళ్లు బైర్లు కమ్ముతాయి. ఠక్కున ఆపకండి, చివరి ఐదు నిమిషాలు నెమ్మదిగా తిప్పండి. పొట్ట బెల్టు, కాళ్లకు బిగుతు మేజోళ్లు ముందే వేసుకుంటే రక్తం కిందికి దిగిపోదు. కళ్లు తిరిగితే కుర్చీని వెనక్కి వాల్చి కాళ్లు ఎత్తాలి. చూశారా, ఒకదానికి కూర్చోబెట్టాలి, ఇంకోదానికి వాల్చాలి. అందుకే బీపీ మిషన్ లేకుండా వ్యాయామం మొదలుపెట్టొద్దంటాను.

ఎండ గురించి. దెబ్బ కింద చెమట పట్టదు. రెంటచింతల, రామగుండం ఎండల్లో మిట్టమధ్యాహ్నం మెడ దెబ్బ ఉన్న మనిషి రేకుల షెడ్డు కింద వ్యాయామం చేస్తే ఒంటి వేడి బయటికి పోయే దారే లేదు. ఫ్యాను పెట్టాం కదా అంటారు. ఫ్యాను చల్లబరిచేది చెమటను ఆరబెట్టడం ద్వారా. చెమటే లేనప్పుడు అది వేడిగాలి విసురుతుంది. ముందు మొహం, మెడ, చేతుల మీద స్ప్రే సీసాతో నీళ్లు చల్లి, అప్పుడు ఫ్యాను పెట్టండి. తడితువ్వాలు మెడమీద వేయండి. బ్లాడర్ కోసం ఆక్సిబ్యుటినిన్ వాడేవారికి ఉన్న కాస్త చెమట కూడా తగ్గుతుంది, వాళ్లు తెల్లవారుజామునే కానిచ్చేయాలి.

మొదలుపెట్టే ముందు ఈసీజీ, కొలెస్ట్రాల్, షుగర్ పరీక్షలు చేయించండి. ఛాతీ పైభాగంలో, మెడలో దెబ్బ ఉన్నవారికి గుండెపోటు నొప్పి తెలియకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఎప్పుడూ లేనంత నీరసం, దవడ లాగడం, కారణం లేకుండా కాళ్ల బిగుతు పెరగడం, ఇవే సంకేతాలు. జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్, కూర్చునే చోట పుండు, ఒక్క కాలే వాయడం, వీటిలో ఏది ఉన్నా ఆ రోజు వ్యాయామం లేదు. ఒక కాలి వాపు రక్తం గడ్డ కావచ్చు. డాక్టరు చూసేదాకా ఆ కాలిని కదిలించనూ వద్దు, మాలిష్ అసలే వద్దు.

ఒక చీటీ వచ్చింది. "రోజూ గంటసేపు మా ఆయన కాళ్లు నేను ఆడిస్తాను, అది వ్యాయామం కింద రాదా?" అమ్మా, మీరు చేసేది మానొద్దు. కీళ్లు బిగుసుకుపోకుండా దాని మేలు దానికుంది. కానీ అక్కడ పనిచేస్తున్నది మీ చేతులు, గట్టిపడుతున్నది మీ గుండె. ఆయన గుండెకు పని పడాలంటే ఆయన చేతులు కదలాలి. ఆ గంటలో అరగంట కాళ్లకిచ్చి, మిగతా అరగంట కిటికీ ఊచకు బ్యాండ్ కట్టి ఆయన చేతికివ్వండి. మీరు పక్కన కూర్చుని మాట్లాడించండి.

ఇంకో చీటీ: "నెలరోజులు జ్వరంతో, పుండుతో పడుకున్నాను, మళ్లీ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?" పుండు పూర్తిగా మానిందని డాక్టరు చెప్పాకే. మొదటి రెండు రోజులు ఊరికే కూర్చోవడం, అరగంట, గంట, బీపీ చూసుకుంటూ. మూడోరోజు నుంచి ఆపినప్పటి సమయంలో సగం, ఒక మెట్టు తక్కువ బిగువున్న బ్యాండ్. ప్రతిసారీ అయ్యాక అద్దం పెట్టి ఆ పాత పుండు చోటు చూసుకోండి. ఎరుపు అరగంటలో పోకపోతే మర్నాడు కుర్చీ ఎక్కొద్దు, పక్కకి పడుకుని చేతులకే బ్యాండ్ వేసుకోండి.